రికార్డింగులో లేని మాట

నవంబర్ 4, సోమవారం

ఆంప్లిఫయర్ ఆగిపోయింది. పమిడివారిపాలెంలో పాలకేంద్రం ముందు వ్యాను ఆపి, ఉచిత కంటి పరీక్షల గురించి మైకులో చెబుతున్నాను. "నలభై ఏళ్లు దాటిన వారందరూ" అనేదాకా బాగానే ఉంది. అక్కడ హారన్లు గరగరమన్నాయి. తర్వాత ఏమీ లేదు. పదహారేళ్లుగా ఊళ్లు తిరిగి ప్రచారం చేస్తున్నాను. నడి ఊళ్లో వ్యాను మూగబోవడం ఇదే మొదటిసారి.

జనం చేరారు. ఆ ఊళ్లో మూడెకరాలు కౌలుకు చేసే యలమందయ్య కిటికీ మీద చెయ్యి వేసి ఏదో అడిగాడు. ముందు ఆంప్లిఫయర్ సంగతి చూసుకోవాలని చెప్పి పెదకాకాని వచ్చేశాను.

షాపులో ఇవ్వను. ఇంట్లోనే విప్పుతాను. రెండు రోజుల పని. మా ఆవిడ ఖుర్షిదాతో కూడా అదే చెప్పాను. ఆమె కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల ముచ్చికలు తీసి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. "సరే" అంది.

వ్యాను డైరీలో ఊళ్లు, కిలోమీటర్లు తప్ప ఏమీ రాయను. అందుకని ఇది మొదలుపెట్టాను. పురుగుమందుల కొట్టులో ఊరికే ఇచ్చిన డైరీ. పది నెలలు ఖాళీగా పడి ఉంది.

నవంబర్ 5, మంగళవారం

పొద్దున్నే వరండాలో పాత దుప్పటి పరిచి విప్పాను. పద్నాలుగు స్క్రూలు. లోపలంతా ఎర్ర దుమ్ము. రోజూ మిర్చి యార్డు ముందు నుంచి తిరిగే వ్యాను కదా. బ్రష్షుతో ఊడుస్తూ మూడుసార్లు తుమ్మాను.

తప్పు పది నిమిషాల్లో దొరికింది. పెద్ద కెపాసిటర్ తల పూరీలా ఉబ్బింది. బ్యాటరీ వైరు అతికిన చోట సోల్డరింగ్ చుట్టూ వెంట్రుకంత పగులు కూడా ఉంది. వ్యాను గుంటలో పడ్డప్పుడల్లా కరెంటు అక్కడ తెగి అతుకుతోంది. వేడెక్కితే పూర్తిగా తెగిపోతోంది. నా చదువు పదో తరగతితో ఆగింది కానీ ఇలాంటివి నా కంటికి దాగవు.

నవంబర్ 6, బుధవారం

బ్రాడీపేట వెళ్లాను. జక్రయ్య స్పేర్ల కొట్టులో కెపాసిటర్ దొరికింది. ట్రాన్సిస్టర్లు కూడా నాలుగు ఇవ్వమన్నాను.

"అవి పోయాయా?" అన్నాడు జక్రయ్య.

"పోలేదు. ఉండనీ."

"పోనివాటిని ఎందుకు మార్చడం హయాత్? నువ్వే నాకు చెప్పేవాడివిగా."

ఉండనీ అన్నాను మళ్లీ. పని తెలిసినవాడు ముందుచూపుతో ఉంటాడు.

నవంబర్ 7, గురువారం

కెపాసిటర్ వేశాను. పగులు ఉన్నచోట పాత సీసం పీల్చేసి కొత్తగా అతికాను. అద్దంలా వచ్చింది. హారనుకు దుప్పటి చుట్టి గోడ వైపు తిప్పి వ్యాను బ్యాటరీ మీద పెట్టి చూశాను. నలభై నిమిషాలు ఆడింది. గరగర లేదు.

కంటి శిబిరం వాళ్లు ఫోన్ చేశారు. పమిడివారిపాలెం వైపు ఇంకా నాలుగు ఊళ్లు మిగిలాయి కదా అన్నారు. ఇంకా బాగవలేదని చెప్పాను. నలభై నిమిషాలు ఆడినంత మాత్రాన బాగైనట్టు కాదు. ఊళ్లోకి వెళ్లాక అడ్డం తిరిగితే పోయేది నా పరువు.

నవంబర్ 8, శుక్రవారం

ట్రాన్సిస్టర్ల కింద పేస్టు ఎండిపోయింది. గీకి కొత్తది పూశాను. తొందరపడితే పని చెడుతుంది.

నవంబర్ 9, శనివారం

యలమందయ్య మూడుసార్లు ఫోన్ చేశాడు. తీయలేదు. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది. మూడుసార్లూ ఉంది.

నవంబర్ 10, ఆదివారం

సోమవారం యలమందయ్య అడిగింది రాసి పెట్టుకుంటాను. మనసులో తిప్పుకుంటూ ఉంటే పని మీద చూపు నిలవడం లేదు.

"హయాతూ, చెట్టు నడుమెత్తు పెరిగింది. ఆకు మొత్తం ముడుచుకుపోయింది. పూత రాలిపోయింది. చెట్టుకి నాలుగు కాయలు లేవు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. "ఆకుముడతను తట్టుకుంటుందని నువ్వు చెబితేనే ఆ విత్తనం తెచ్చా. మా వీధిలో పదకొండు మంది తెచ్చారు."

జూన్‌లో ఒక విత్తనాల కంపెనీకి ప్రచారం చేసిన మాట నిజమే. పద్దెనిమిది రోజులు, ఇరవై రెండు ఊళ్లు. చెప్పమన్నది చెప్పాను. హారన్ తన మాటంటూ ఏదీ చెప్పదు. నేనూ అంతే. విత్తనం నేను చేయలేదు, అమ్మలేదు, ప్యాకెట్ కూడా ముట్టుకోలేదు. మొన్న కంటి శిబిరం గురించి చెప్పాను. అక్కడ ఎవరికైనా చూపు పోతే నాదా తప్పు?

ఆ రోజు ఇదే యలమందయ్యకు చెబుదామనుకున్నాను. ఆంప్లిఫయర్ ఆగిపోయింది కదా, మనసు అటు ఉంది.

నవంబర్ 12, మంగళవారం

వీరబాబు వచ్చాడు. ఆ కంపెనీకి ఈ చుట్టుపక్కల మండలాలు చూసేది అతనే. ముప్పై ఏళ్లు ఉండవు, నన్ను బాబాయ్ అంటాడు. మిఠాయి పెట్టె తెచ్చాడు. వరండాలో దుప్పటి మీద విప్పి ఉన్న ఆంప్లిఫయర్ చూసి, "ఎందుకు బాబాయ్ ఈ తంటా? వచ్చే సీజనుకి కంపెనీ కొత్తది ఇప్పిస్తుంది. మూడు జిల్లాలు మీకే" అన్నాడు.

"పాతది బాగానే వస్తుంది" అన్నాను.

"అన్నట్టు, జూన్‌లో మనం చేసిన రికార్డింగ్ ఇంకా ఉందా?"

"ఎక్కడో ఉండే ఉంటుంది."

"తీసెయ్యండి బాబాయ్. అక్కడక్కడా రైతులు గొడవ చేస్తున్నారు. ముడతను తట్టుకుంటుందని మేం చెప్పలేదు, ప్యాకెట్ మీద కూడా లేదు. రికార్డింగ్ ఉంటే ముందు చిక్కొచ్చేది మీకే. గొంతు మీదే కదా. మీ మంచికే చెబుతున్నా."

టీ తాగి వెళ్లాడు. మంచి కుర్రాడే. మిఠాయి పెట్టె ఖుర్షిదా విప్పలేదు.

నవంబర్ 13, బుధవారం

మైకు జాక్ కొంచెం వదులుగా ఉంది. మార్చాలి.

నవంబర్ 14, గురువారం

జాక్ మార్చాను. ఫ్యూజు పెట్టే డబ్బా కూడా పాతబడింది. మార్చాలి.

నవంబర్ 15, శుక్రవారం

ఈ రోజు ఖుర్షిదాకు పని లేదు. నేను జుమ్మా నమాజుకు వెళ్లి వచ్చేసరికి హారన్లో నా గొంతు వినిపిస్తోంది. దుప్పటి తీసేసి ఉంది. వీధి చివరికి కూడా వినిపిస్తోంది. "రైతు సోదరులకు ముఖ్య గమనిక..."

గబగబా వెళ్లి స్విచ్ కట్టేశాను.

"ఎందుకు ముట్టుకున్నావు? ఇంకా పని ఉంది దాంట్లో."

"మీరు గడప దాటగానే పెట్టాను. గంటన్నర నుంచి ఆడుతోంది. ఒక్కసారి కూడా గరగరమనలేదు" అంది.

"ఆడటం వేరు, సరిగ్గా ఆడటం వేరు. నీకు తెలియదు."

"నాకు ఆంప్లిఫయర్ గురించి తెలియదండీ. మీ గురించి తెలుసు."

నేను మల్టీమీటరు తీసుకుని కూర్చున్నాను. ఖుర్షిదా వచ్చి ఎదురుగా కూర్చుంది. కోల్డ్ స్టోరేజీలో తన పక్కన కూర్చుని ముచ్చికలు తీసే ఆమెది పమిడివారిపాలెమట. ఈసారి వాళ్ల చేలో కాయ లేక కూలికి వస్తోందట. ఖుర్షిదా ఎవరి భార్యో ఆమెకు తెలియదట.

"తెలిశాక కూడా నా పక్కన కూర్చుంటుందా అని అనుకుంటూ ఉన్నాను" అంది. "వీరబాబు రాసిచ్చిన కాగితంలో ఉన్నదే మీరు చదివారా?"

చదివానని చెప్పాను.

నవంబర్ 16, శనివారం

చదవలేదు.

జూన్‌లో వీరబాబు కాగితం మీద రాసి తెచ్చాడు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఇందాక తీసి చూశాను. "ఆకుముడతను కొంత మేరకు తట్టుకునే విత్తనం" అని ఉంది. మూడుసార్లు చదివాను ఆ రోజు. మూడుసార్లూ "కొంత మేరకు" దగ్గర ఊపిరి ఆగుతోంది. వాక్యం కుంటుతోంది. మైకులో మాట పరుగెత్తాలి, విన్నవాడు తల తిప్పాలి. అది నా పని, అందులో నన్ను మించినవాడు ఈ రెండు జిల్లాల్లో లేడు. ఆ రెండు మాటలూ తీసేశాను. "ఆకుముడతను తట్టుకునే విత్తనం." చక్కగా వచ్చింది.

వీరబాబుకు వినిపించాను. "అదిరింది బాబాయ్" అన్నాడు. మాటలు తీసేసిన సంగతి అతనూ గమనించాడు. నా వైపు చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

అంతే జరిగింది. దీనికి ఆంప్లిఫయర్‌తో సంబంధం లేదు.

నవంబర్ 17, ఆదివారం

మూత పెట్టి పద్నాలుగు స్క్రూలూ బిగించాను.

నవంబర్ 18, సోమవారం

వ్యాను తీయలేదు. స్కూటర్ మీద పమిడివారిపాలెం వెళ్లాను. యలమందయ్య చేలోనే ఉన్నాడు. నన్ను చూసి గట్టు మీదికి రాలేదు. నేనే దిగాను.

మిరప చేను నాకు కొత్త కాదు, చిన్నప్పుడు కూలికి వెళ్లేవాణ్ణి. అయినా ఇలాంటిది చూడలేదు. చెట్లు పచ్చగా ఉన్నాయి. దగ్గరికి వెళ్తే ప్రతి ఆకూ దొప్పలా ముడుచుకుని ఉంది. వరస మొత్తం నడిచాను. కాయల కోసం వెతకాల్సి వచ్చింది.

"ఫోన్ తీయలేదేం?" అన్నాడు యలమందయ్య.

"పనిలో ఉన్నా, అన్నా."

"తిట్టడానికి చెయ్యలేదులే. శుక్రవారం ఉద్యానశాఖ వాళ్లు వస్తన్నారు చేలు చూడటానికి. ఎంతమంది చూపిస్తే అంత బలం. ఊళ్లో ఉన్నోళ్లకి నేను చెప్పా. ఐదూళ్లలో కౌలోళ్లు ఉన్నారు, వాళ్ల పేర్లే కాగితాల్లో ఉండవు, వాళ్లకి ఎవరు చెబుతారు? నీ మైకుంటే ఒక పూటలో అయ్యేది. అది పోయిందిగా."

"బాగైంది" అన్నాను.

"ఎప్పుడు?"

అబద్ధం చెప్పడానికి వీలుగానే ఉంది. నిన్న అంటే నమ్మేవాడు. "ఏడో తారీఖున" అన్నాను.

యలమందయ్య వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. పదకొండు రోజులు. వంగి ఒక మొక్క పీకి గట్టు మీద పడేశాడు.

"రేపు వస్తా" అన్నాను.

నవంబర్ 19, మంగళవారం

ఐదు ఊళ్లు, ఆరు గంటలు. రికార్డింగ్ పెట్టలేదు, నేనే మైకు పట్టుకుని చెప్పాను.

"రైతులకు, కౌలు రైతులకు. నేను హయాత్‌ని. జూన్‌లో మిరప విత్తనం గురించి మీ ఊళ్లో చెప్పింది నేనే. ఆ విత్తనం వేసి కాయ రానివాళ్లు శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి పమిడివారిపాలెం రండి. ఉద్యానశాఖ అధికారులు చేలు చూస్తారు. ఖాళీ ప్యాకెట్లు, బిల్లులు ఉంటే తెచ్చుకోండి. లేకపోయినా రండి."

వీధుల్లో చెబుతుంటే 'చెప్పింది నేనే' దగ్గర కుంటింది ఆ వాక్యం. కుంటనిచ్చాను.

మూడో ఊళ్లో ఒకామె వ్యానుకు అడ్డంగా నిలబడింది. అరవై దాటి ఉంటాయి. "ఆ రోజు కూడా ఇదే గొంతు" అంది.

"అవునమ్మా. ఇదే."

ఆమె జరగలేదు. ఇంజన్ ఆపాను. ఆమె చెప్పాల్సింది చాలా ఉంది. కొడుకు గురించి, నారు మూడుసార్లు పోసిన సంగతి, కాలవ నీళ్లు ఆలస్యంగా వచ్చిన సంగతి. నా తప్పు కానివి కూడా కలిపి చెప్పింది. అవి వేరు, ఇవి వేరు అని అనబోయి ఊరుకున్నాను. అరగంట పట్టింది. అయిపోయాక పక్కకు జరిగి, "మా తమ్ముడిది కూడా అదే విత్తనం. చేల దగ్గరున్నాడు, అటు కూడా పోయి చెప్పు" అంది. వెళ్లాను.

ఆంప్లిఫయర్ ఒక్కసారి కూడా ఆగలేదు. అది ఆగదని నాకు తెలుసు.

నవంబర్ 20, బుధవారం

వీరబాబు ఫోన్. "బాబాయ్, మీరు తిరుగుతున్నారంట?"

"తిరుగుతున్నా."

"ఆ రికార్డింగ్ తీసేశారు కదా?"

"లేదు బాబూ" అన్నాను. ఫోన్ పెట్టేశాడో లేదో అని రెండుసార్లు హలో అన్నాను.

సాయంత్రం మిఠాయి పెట్టె తీసి చూస్తే బూజు పట్టి ఉంది.

నవంబర్ 22, శుక్రవారం

రెండు వందల మందికి పైగా వచ్చారు. కొందరు ప్యాకెట్లు ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా పెట్టుకుని తెచ్చారు. బిందుమాధవి గారని ఉద్యానశాఖ అధికారి. చిన్న వయసు, టోపీ పెట్టుకుని చేను చివరి దాకా నడిచారు. ఆకులు కోయించి సంచుల్లో వేసి పేర్లు రాయించారు. వీరబాబుతో పాటు కంపెనీ నుంచి ఇద్దరు పెద్దమనుషులు కారులో వచ్చారు. ముడతను తట్టుకుంటుందని కంపెనీ ఎన్నడూ చెప్పలేదు, ప్యాకెట్ చూసుకోండి, ఊళ్లలో ఎవరు ఏం మాట్లాడినా మాకు సంబంధం లేదు అన్నారు.

నేను ముందుకు వెళ్లి, "అమ్మా, వినిపించనా?" అన్నాను.

"ఏం వినిపిస్తారు?"

"ఊళ్లలో మాట్లాడింది నేనే."

వ్యాను గట్టు దాకా తెచ్చి పెన్‌డ్రైవ్ పెట్టాను. చేలంతా వినిపించింది. నలభై ఏడు సెకన్లు. అంత శుభ్రంగా ఆ హారన్లు ఎప్పుడూ పలకలేదేమో. ఒక్క అక్షరం పోలేదు. నేను అతికిన అతుకు కదా.

తర్వాత జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. బిందుమాధవి గారు చదివి తల ఎత్తారు. "దీంట్లో 'కొంత మేరకు' అని ఉందే."

వీరబాబు అందుకున్నాడు. "అదేనండీ మేం చెప్పేది. బాబాయ్, ఆ మాట తీసేసింది మీరు. కాదనండి."

రెండు వందల మంది నా వైపు తిరిగారు. ఖుర్షిదా కూడా అక్కడే ఉంది. తన పక్కన ముచ్చికలు తీసే ఆమెతో కలిసి వచ్చింది. రాత్రే ఆమెకు అన్నీ చెప్పేసిందట, నాకు చెప్పలేదు.

"నేనే తీశాను" అన్నాను. "వినడానికి బాగోలేదని తీశాను. తీశాక నీకే ముందు వినిపించాను. అదిరింది అన్నావు. పద్దెనిమిది రోజులు ఇరవై రెండు ఊళ్లు నువ్వే దగ్గరుండి తిప్పావు. కాదను."

వీరబాబు కారు దగ్గర నిలబడ్డ పెద్దమనుషుల వైపు చూశాడు. వాళ్లు అతని వైపు చూడలేదు. ఆ క్షణంలో ఎందుకో అతని మీద జాలేసింది.

వెనక నుంచి ఎవరో నన్నొక మాట అన్నారు. అది ఇక్కడ రాయను. యలమందయ్య నన్నే చూస్తున్నాడు. నేను చేలోకి వెళ్లిన రోజు ఈ మాట తీసేసిన సంగతి ఆయనకు చెప్పలేదు. ఏడో తారీఖు సంగతి చెప్పి, అదే పెద్ద నిజమన్నట్టు తిరిగి వచ్చాను. ఆయన నన్ను దాటుకుని బిందుమాధవి గారి దగ్గరికి వెళ్లాడు.

"రాసుకున్నారా అమ్మా?"

"రాశానండీ."

"ఇద్దరిదీ రాయండి. కంపెనీది, ఇతనిది."

ఆవిడ రాసి, నాకు చదివి వినిపించారు. ఎక్కడా మాట తగ్గలేదు, ఎక్కువా లేదు. సంతకం చేశాను.

ఇంటికి వచ్చేటప్పుడు ఖుర్షిదా వ్యానులో నా పక్కనే కూర్చుంది. గుంటూరు దగ్గర పడ్డాక, "ఆకలేస్తోంది" అంది. బండి ఆపి ఇడ్లీ తిన్నాం.

డిసెంబర్ 11, బుధవారం

నివేదిక వచ్చిందట. ఆ విత్తనానికి ముడతను తట్టుకునే గుణమే లేదని, కొంత మేరకు కూడా లేదని తేలింది. దాని అమ్మకం ఆపించారు. పరిహారం సంగతి కలెక్టరు ఆఫీసులో నడుస్తోంది. నా వాంగ్మూలం కూడా ఫైల్లో ఉందని, పిలిస్తే రావాలని చెప్పారు. పిలిస్తే వెళ్తాను. వీరబాబును ఉద్యోగంలోంచి తీసేశారని విన్నాను.

యలమందయ్య మిరప పీకేసి మొక్కజొన్న వేశాడు.

విత్తనాల వాళ్లు, పురుగుమందుల వాళ్లు నన్ను పిలవడం మానేశారు. వరండాలో మాత్రం ఇప్పుడు మూడు కారు ఆంప్లిఫయర్లు ఉన్నాయి. జక్రయ్య పంపుతున్నాడు. ఒకటి నాలుగేళ్లుగా ఎవరికీ లొంగలేదట. నాకు ఒక పూటలో లొంగింది. పోయినవే మార్చాను.

జనవరి 23, గురువారం

కోటేష్ అని పక్క ఊరి అతని గేదె తప్పిపోయింది. చీటీ రాసిచ్చి నాలుగు ఊళ్లలో చెప్పమన్నాడు. చీటీలో ఉన్నట్టే, ఒక్క మాట మార్చకుండా చదివాను. ముర్రా గేదె, మెడలో పచ్చ తాడు, కుడి కొమ్ము కొన విరిగింది.

పమిడివారిపాలెంలో ఎవరూ గడప దాటి రాలేదు. నా గొంతు వినగానే ఒకరిద్దరు తలుపులు కూడా వేసుకున్నారు. ఆరు వీధులూ తిరిగాక ఊరి చివర యలమందయ్య చెయ్యి ఎత్తి వ్యాను ఆపాడు. నవంబర్ తర్వాత నాతో మాట్లాడటం ఇదే మొదటిసారి.

"కుడి కొమ్మేనా?"

"చీటీలో అలాగే ఉంది, అన్నా."

"చీటీ సంగతి కాదు. కుడి కొమ్మేనా?"

ఫోన్ తీసి కోటేష్‌ను అడిగాను. "కుడే అన్నా. ఎదురుగా నిలబడి చూస్తే కుడి" అన్నాడు కోటేష్.

"గేదెకి ఏ వైపురా?"

కాసేపు ఆలోచించి, "ఎడమ" అన్నాడు.

వ్యాను తిప్పాను. యలమందయ్య తలుపు తీసుకుని పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. గేదెను ఎక్కడైనా చూశావా అని అడిగితే, లేదు, నువ్వు ఏం చెబుతావో విందామని అన్నాడు.

మొదటి వీధి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. "ఇందాక కుడి కొమ్మని చెప్పాను. అది తప్పు. ఎడమ కొమ్ము."

ఆరు వీధులూ విన్నాడు.